విషాద ప్రేమకావ్యాన్ని నలుగురితో కలిసి చదవడం ఎలా: కీట్స్ ‘ఇసబెల్లా’కు ఐదు సాయంత్రాలు

నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో గ్రంథాలయం వెనుక గదిలో, లేదా ఎవరింటి వసారాలోనైనా, వారానికి ఒక సాయంత్రం పది పన్నెండు మంది కూర్చుని ఒక ప్రేమకావ్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుకోవాలని అనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి విరమించిన తరువాత నేను ఇలాంటి పఠనాలు నడుపుతూ వచ్చాను. వాటికి బడిపంతుళ్లు, దర్జీలు, డిగ్రీ పిల్లలు, ఇంగ్లీషు బొత్తిగా రాని గృహిణులు కూడా వచ్చారు. వారందరి మధ్య బాగా నిలిచిన కావ్యం ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ రాసిన ‘ఇసబెల్లా’. ఇంగ్లీషు కాల్పనిక (రొమాంటిక్) కవుల కథాకావ్యాల్లో ప్రేమికుల మరణాలకు కొదవ లేదు. బైరన్ ‘ది కోర్సెయిర్’లో సముద్రపు దొంగ కాన్రాడ్ తిరిగి వచ్చేసరికి అతని కోసం ఎదురుచూసిన మెడోరా ప్రాణం విడిచి ఉంటుంది, కీట్సే రాసిన ‘లామియా’లో పెళ్లివిందు జరిగిన రాత్రే లైసియస్ చనిపోతాడు. అయినా కలిసి చదవడానికి ‘ఇసబెల్లా’నే ఎంచుకోమంటాను. అది 63 పద్యాల కావ్యం, పద్యానికి 8 పాదాలు, మొత్తం 504 పంక్తులు. ఐదు సాయంత్రాలకు చక్కగా సరిపోతుంది. అంతకు మించిన కారణం, ఆ కావ్యం లేవనెత్తే ప్రశ్న మన అలంకారశాస్త్రానికి బాగా తెలిసిన ప్రశ్న కావడం.

మొదటి రోజు పుస్తకం తెరవకముందే కథంతా చెప్పేయండి. ఫ్లారెన్సు నగరంలో ఇద్దరు ధనిక వర్తకులు, వారికొక చెల్లెలు ఇసబెల్లా. వారి కొలువులో ఉన్న లొరెంజో అనే యువకుడూ ఆమే ప్రేమించుకుంటారు. చెల్లెలిని కులీనుడైన ఆస్తిపరుడికి ఇవ్వాలని లెక్కలు వేసుకున్న అన్నలు లొరెంజోను అడవికి తీసుకుపోయి చంపి, అక్కడే పాతిపెట్టి, అతడు అత్యవసర వ్యవహారం మీద ఓడెక్కి పరదేశం పోయాడని ఇంట్లో చెబుతారు. నెలలు గడిచాక లొరెంజో ఆత్మ ఆమెకు కనిపించి తనను పాతిన చోటు చెబుతుంది. ఆమె ముసలి దాదిని వెంటబెట్టుకుని వెళ్లి తవ్వి, అతని తలను ఇంటికి తెచ్చి, పూలకుండీలో పెట్టి, పైన మట్టి కప్పి ఒక సువాసనల మొక్కను నాటుతుంది. అన్నలు ఆ కుండీని దొంగిలిస్తారు. కుండీ కోసం అడుగుతూ అడుగుతూ ఆమె చనిపోతుంది.

కథ ముందే చెబితే ఆసక్తి చస్తుందని కొందరు భయపడతారు. కాటమరాజు కథ పాడే కొమ్మువారి ముందు కూర్చున్న పల్లెజనానికి ఎర్రగడ్డపాటి పోరులో ఎవరెవరు కూలుతారో చిన్ననాటి నుంచీ తెలుసు. తెలిసే తెల్లవార్లూ కూర్చుంటారు. ఏమి జరుగుతుందోనన్న ఆరాటం తీరిన శ్రోతకే ఎలా జరుగుతుందో వినే తీరిక దొరుకుతుంది. కీట్సు కూడా కొత్త కథ చెబుతున్నానని అనుకోలేదు. ఇటలీ రచయిత బొకాచియో ‘డెకామెరాన్’లో నాలుగో రోజు చెప్పే ఐదో కథ ఇది; 19వ, 20వ పద్యాల్లో కథ ఆపి ఆ పూర్వకవిని క్షమాపణ కూడా అడుగుతాడు. అయితే మార్పులు చేశాడు: అక్కడ మెస్సీనా నగరం, ముగ్గురు అన్నలు, ఇక్కడ ఫ్లారెన్సు, ఇద్దరు.

కథ చెప్పగానే ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇచ్చి, ‘ఈ కథలో విషాద ప్రేమికులు ఎవరు?’ అన్న ప్రశ్నకు ఒక్క పేరు మాత్రమే రాసి ఇమ్మనండి. మడిచి ఒక కవరులో దాచండి. నేను చూసినంతలో ఎక్కువ మంది లొరెంజో పేరే రాస్తారు, చచ్చిపోయింది అతడే కాబట్టి. పైగా తెలుగువారి మనసులో ఓడిన ప్రేమికుడికి ఒక స్థిరరూపం ఉంది: మాసిన గడ్డం, భుజాన శాలువా, చేతిలో సీసా. ఆ రూపం మగవాడిది, తన్ను తాను నాశనం చేసుకునేవాడిది. ఈ కావ్యంలో అలాంటి మనిషి లేడు. ఇక్కడ దుఃఖపడేది ఆడపిల్ల. ఆమె తాగదు, తిరగదు, పని చేస్తుంది. తవ్వుతుంది, దువ్వుతుంది, నాటుతుంది, నీళ్లు పోస్తుంది, కాపలా కాస్తుంది. ఐదు సాయంత్రాలూ పాఠకుల చూపును ఆమె చేతుల మీద నిలపగలిగితే మీ పని నెరవేరినట్టే. ఈ మాట మాత్రం మొదటి రోజు వారితో చెప్పకండి.

చదివే తీరు గురించి ఒక మాట. పద్యాన్ని ఇంగ్లీషులో ఒకసారి నింపాదిగా చదవండి, అర్థం కానివారు కూడా లయను వింటారు. తరువాత దాని భావాన్ని వాడుక వచనంలో చెప్పండి. తెలుగు పద్యంగా మార్చి వినిపించాలన్న ఉబలాటం ఉన్నవారు ఆ పని ఇంటి దగ్గర చేసుకోవడం మంచిది, ఎందుకంటే యతిప్రాసల కోసం కథలో లేని విశేషణాలు వచ్చి చేరతాయి, ఈ కావ్యానికి అంతకంటే కీడు లేదు. కానీ ఛందస్సు ఎలా నడుస్తుందో చెప్పడానికి మన పద్యం ఎంతో సాయపడుతుంది. కీట్సు వాడినది ఇటలీ నుంచి వచ్చిన అష్టపాది. మొదటి ఆరు పాదాల్లో అంత్యప్రాసలు ఒకటి విడిచి ఒకటి కలుస్తూ పోయి, చివరి రెండు పాదాలు జంటగా ఒకే ప్రాసతో ముగుస్తాయి. సీసపద్యం నాలుగు పాదాలూ సాగి సాగి, కింద గీతి రాగానే గొంతు మారి విషయం తేలడం మనకు అలవాటే. ‘చివరి రెండు పాదాలను ఎత్తుగీతిలా వినండి’ అని ఒక్కసారి చెబితే చాలు, పద్యాలు వినడం అలవాటున్న పెద్దలు ఇంగ్లీషు రాకపోయినా ప్రతి పద్యం ఎక్కడ మలుపు తిరిగిందో పట్టేస్తారు.

మొదటి సాయంత్రానికి 1 నుంచి 13 వరకు. ఈ భాగంలో నిలవవలసిన చోటు ఒక్కటే. ఒకే ఇంట్లో తిరుగుతూ, ఒకరి అడుగుల చప్పుడు ఒకరు గుర్తుపడుతూ, ఇద్దరూ నోరు విప్పరు. మే నెల మొత్తం ‘రేపు చెబుతాను, రేపు అడుగుతాను’ అనుకుంటూ గడిచిపోయి, జూన్ వచ్చేసరికి చెక్కిళ్లు పాలిపోతాయి. మన లాక్షణికులు దీనినే పూర్వరాగం అన్నారు. కానీ లొరెంజో మౌనానికి సిగ్గు ఒక్కటే కారణం కాదని పాఠకులు తామే చెప్పేదాకా ఆగండి. నెల్లూరు వైపు ధాన్యం మిల్లులో గుమాస్తా, యజమాని చెల్లెలిని ప్రేమించాడని ఊహించుకోమంటే చాలు. అతడు రేపు రేపు అని ఎందుకు వాయిదా వేశాడో వివరించవలసిన అవసరం ఉండదు.

రెండో సాయంత్రం, 14 నుంచి 28 వరకు, చర్చ తప్పకుండా వేడెక్కుతుంది. అన్నల సంపద ఎక్కడి నుంచి వచ్చిందో కీట్సు లెక్క చెబుతాడు. దివిటీల వెలుగులో గనులు తవ్వేవారు, హోరెత్తే కర్మాగారాల్లో వాడిపోయేవారు, వారి కోసం ఊపిరి బిగబట్టి సొర చేపల నోటికి ఎదురుగా ఒంటిమీద గుడ్డ లేకుండా దూకే సింహళపు ఈతగాడు, ఇలా ఒక్కొక్కరూ వస్తారు. ఆ తరువాత, వారికి ఎందుకంత గర్వం అని కవి పదే పదే అడుగుతాడు. కార్ల్ మార్క్స్ పెట్టుబడి మీద గ్రంథానికి బదులు ఒక కవిత రాసి ఉంటే ‘ఇసబెల్లా’ రాసేవాడని బెర్నార్డ్ షా అన్నది ఈ పద్యాలను చూసే. సింహళపు ఈతగాడి దగ్గర తొందరపడకండి. నడిసముద్రం మనిషిని ఏమి చేయగలదో మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం తీరాల్లో పుట్టినవారికి ఫ్లారెన్సు వర్తకుల కంటే బాగా తెలుసు, ఆ పాదాల గురించి వారిని మాట్లాడనివ్వండి. ఇదే రోజు ఎవరో ఒకరు పరువు మాట ఎత్తుతారు. అన్నలను సమర్థించే గొంతు కూడా వినిపించవచ్చు, నా అనుభవంలో వినిపించింది. వారిని అడ్డుకోవద్దు. కవి వాక్యాలను మళ్లీ చదివి వినిపించండి. ఆ వాక్యాల్లో చెల్లెలి క్షేమం గురించిన ఆలోచన ఎక్కడా లేదు. ఉన్నదల్లా గొప్పింటి వరుడూ, అతని ఆలివు తోటలూ. పరువు అనే మాట వెనుక ఆస్తి లెక్క ఎలా కూర్చుందో పద్యమే చూపిస్తుంది.

ఈ సాయంత్రపు శిఖరం 27వ పద్యం. ముగ్గురూ గుర్రాల మీద ఫ్లారెన్సు దాటి పోతున్నారు. లొరెంజో ఇంకా బతికే ఉన్నాడు, ఇంటి దగ్గర ఇసబెల్లాతో నవ్వుతూ వీడ్కోలు చెప్పి వచ్చాడు. కవి మాత్రం వారిని ‘ఆ ఇద్దరు అన్నలూ, వారి హతుడూ’ అని పిలుస్తాడు. చావు ఇంకా జరగలేదు, మాట ముందే జరిగిపోయింది. కావ్యం అచ్చయిన 1820లోనే సమీక్ష రాసిన చార్లెస్ ల్యాంబ్ ఈ ఒక్క విశేషణాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అదే పద్యంలో ఆర్నో నది ఇరుకు గట్ల మధ్య గలగలమంటూ ఉంటుంది, వరద నీటికి ఎదురు నిలిచి ఒక చేప తల నిలబెట్టుకుంటుంది. పెన్నకు కొత్తనీరు వచ్చినప్పుడు చేపలు ఎదురెక్కడం చూసినవారు మీ గదిలో ఉంటే, ఆ చేపను కవి అక్కడ ఎందుకు పెట్టాడో వారిని అడగండి. రేవు దాటుతున్నప్పుడు నీటిలో అన్నల ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి, చావబోయేవాడి ముఖం ప్రేమతో ఎర్రబడి ఉంటుంది. తరువాతి పద్యంలో హత్య. కవి దానిని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాడు. కత్తి ఎలా దిగిందన్నది అతనికి ముఖ్యం కాదు, మీరు కూడా వర్ణించకండి.

మూడో సాయంత్రం 29 నుంచి 41 వరకు. అన్నలు చెప్పిన అబద్ధం ఓడ గురించినది కావడం మన తీరప్రాంతపు పాఠకులకు వెంటనే తగులుతుంది. ఒకసారి మా పఠనానికి వచ్చిన ఒక తీరగ్రామపు అమ్మ, ‘సముద్రం మీద పోయినాడంటే అడగడానికి ఎవరూ ఉండరయ్యా, అందుకే ఆ మాట చెప్పినారు’ అన్నది. అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పోయినవాడి గురించి నిజం తెలియనంత కాలం ఎదురుచూపు సాగుతూనే ఉంటుంది. శాస్త్రం దీనిని ప్రవాస విప్రలంభం, అంటే ప్రియుడు దూరదేశం పోవడం వల్ల కలిగిన ఎడబాటు అంటుంది. చెట్ల ఆకులు రాలుతున్న ఆ రోజుల్లో ఆమె అన్నలను అడుగుతూనే ఉంటుంది, వారు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూనే ఉంటారు.

ఆత్మ కనిపించే ఘట్టాన్ని భయపెట్టే గొంతుతో చదివితే కావ్యం చెడిపోతుంది. ఆ ఆత్మ ప్రతీకారం అడగదు. తాను ఎక్కడ ఉన్నాడో చెబుతుంది: తల మీద వంగిన ఎర్రని అడవి పండ్లు, పాదాల మీద పెద్ద చెకుముకి రాయి, చుట్టూ రాలుతున్న ఆకులు, ఏటి అవతల నుంచి వినిపించే గొర్రెల మంద అరుపు. అది దాదాపు ఒక చిరునామా. తరువాత, మనుషుల లోకపు అంచున ఒంటరిగా ఉన్నాననీ, చుట్టూ బతుకు చప్పుళ్లు సన్నగా వినిపిస్తూ ఉంటాయనీ అంటుంది. ఈ పంక్తులు రాసిన రోజుల్లో కీట్సు టీన్‌మత్ అనే సముద్రతీరపు ఊరిలో క్షయతో ఉన్న తమ్ముడు టామ్‌కు సేవ చేస్తున్నాడు. ఆ తమ్ముడు 1818 డిసెంబరులో పోయాడు, కవి కూడా అదే రోగంతో 1821లో రోములో, 25 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కవి జీవితాన్ని కావ్యానికి తాళంచెవిగా వాడటం నాకు సాధారణంగా నచ్చదు, కానీ రోగి పడక పక్కన రాత్రులు గడిపినవారే ఆ సన్నని చప్పుళ్లను ఇంత స్పష్టంగా వినగలరు కనుక ఇక్కడ ఈ వివరం చెప్పడం న్యాయమనిపిస్తుంది.

ఎవరు మాట్లాడుతున్నారన్న విషయాన్ని కూడా ఈ రోజే తేల్చండి. ఇంటి దగ్గరి పోలిక ఒకటి ఉంది. 1899లో పొదిలిలో పుట్టిన నాయని సుబ్బారావు ‘సౌభద్రుని ప్రణయయాత్ర’లో వత్సలను ప్రేమించినవాడే తన గుండెను తాను వినిపిస్తాడు, పాఠకుడు ఆ గొంతులోపలే ఉంటాడు. కీట్సు కథాకావ్యంలో ప్రేమికులకూ మనకూ మధ్య ఒక కథకుడు నిలబడి ఉన్నాడు. అతడు నిట్టూరుస్తాడు, అన్నల మీద కోపపడతాడు, పూర్వకవికి నమస్కరిస్తాడు. ఈ జోక్యాలు కొన్నిచోట్ల ఎక్కువయ్యాయన్న విమర్శ ఉంది. కీట్సే 1819లో ఒక లేఖలో, తాను విమర్శకుడినైతే దీనిని ఒక పక్క బలహీనమైన కావ్యం అంటానని రాసుకున్నాడు. ఆ మాట పాఠకులకు చెప్పండి. గొప్ప కావ్యంలోనూ మెత్తని చోట్లు ఉంటాయని తెలిస్తే వారు మొహమాటం లేకుండా తమ మాట చెబుతారు.

నాలుగో సాయంత్రం, 42 నుంచి 54 వరకు, ఒక్క పద్యం కూడా వదలకండి. గంటన్నర పట్టినా సరే. ఇసబెల్లా దాదితో కలిసి అడవికి బయలుదేరేటప్పుడు ఆమె ముఖం మీద చిరునవ్వు ఉంటుంది. ఇన్నాళ్లకు నువ్వు మళ్లీ నవ్వేంత మంచి ఏమి జరగబోతోందని దాది విస్తుపోయి అడుగుతుంది. ఆ చిరునవ్వు దగ్గర పుస్తకం కింద పెట్టి కాసేపు ఊరుకోండి. ఎదురుచూపు ముగిసింది, అతడు ఎక్కడున్నాడో తెలిసింది, ఆమె అతని దగ్గరికే పోతోంది.

చోటు దొరికాక ఆమె కత్తితో తవ్వడం మొదలుపెడుతుంది, లోభి నిధి కోసం తవ్వేదాని కంటే ఆత్రంగా. లోభి పోలిక ఊరికే రాలేదని, రెండో సాయంత్రం చూసిన అన్నలను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. మొదట మట్టిలోంచి బయటపడేది శవం కాదు, మాసిన చేతితొడుగు. దాని మీద ఆమె తన చేత్తో ఊదారంగు పట్టుదారంతో అల్లిన పూలపని ఉంది. ఆమె దానిని ముద్దు పెట్టుకుని గుండెల దగ్గర దాచుకుంటుంది, అక్కడ అది బిడ్డ ఏడుపు మాన్పవలసిన చనుగవను ఎముక దాకా గడ్డకట్టిస్తుందని కవి అంటాడు. ఆమె పోగొట్టుకున్నది ప్రియుడిని మాత్రమే కాదు. మూడు గంటలు తవ్వుతారు. మొదట వింతగా చూస్తూ నిలబడిన దాది, చివరికి జాలితో నెరిసిన తలతో మోకాళ్ల మీద కూర్చుని తన బక్క చేతులను కూడా మట్టిలో పెడుతుంది.

దుఃఖాన్ని కన్నీళ్లతో కాక వస్తువులతో చెప్పడం మన నేలకు కొత్త కాదు. నెల్లూరు ఏలిన మనుమసిద్ధి కాలపు ఖడ్గతిక్కన కథను ఇక్కడ తలచుకోండి. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన ఆ వీరుడికి భార్య ఆడవారికి పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద పెట్టి స్నానానికి ఏర్పాటు చేస్తుంది. తల్లి విరిగిన పాలు పోస్తుంది. ఒక మంచం, పసుపు ముద్ద, విరిగిన పాలు. ఎవరూ గుండెలు బాదుకోలేదు, అతడు తిరిగి యుద్ధానికి పోయి ప్రాణం ఇచ్చాడు. ఈ కథ తెలిసిన పాఠకుడికి చేతితొడుగు, దువ్వెన, కుండీ ఎంత బరువైనవో చెప్పనక్కరలేదు. ఇసబెల్లా ఆ తల జుట్టును బంగారు దువ్వెనతో దువ్వి, పట్టు గుడ్డలో చుట్టి, కుండీలో ఉంచుతుంది. వైద్యశిక్షణ పొంది 1816లో అనుమతిపత్రం కూడా అందుకున్న కవి కనుక కీట్సుకు శవం అంటే ఏమిటో తెలుసు, తెలిసే దువ్వెనను అక్కడ పెట్టాడు.

కుండీలో నాటిన మొక్క పేరు దగ్గర నేను పెద్ద పొరపాటు చేశాను. మొదటిసారి ‘తులసి’ అని చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ ముఖం వాడిపోయింది, ఆ సాయంత్రం ఆమె మళ్లీ నోరు తెరవలేదు. తులసికోట చుట్టూ రోజూ ప్రదక్షిణం చేసే మనిషి చెవిన ఆ మాట ఎలా పడుతుందో నేను ఆలోచించలేదు. కావ్యంలోనిది పూజ తులసి కాదు. వేసవిలో పానీయాల్లో వేసుకునే సబ్జా గింజలు ఏ మొక్కవో ఆ మొక్క. తెలుగులో రుద్రజడ అనీ, భూతులసి అనీ అంటారు. మీరు రుద్రజడ అనే చెప్పండి. వీలైతే ఒక చిన్న కుండీలో దానిని తెచ్చి మధ్యలో పెట్టి, ఆకు నలిపి వాసన చూడమనండి. కావ్యంలో ఆ మొక్క సాటివాటి కంటే గుబురుగా, సువాసనతో పెరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి. ఇది శృంగారమా, కరుణమా? విశ్వనాథుని ‘సాహిత్యదర్పణం’ శృంగారంలో ఎడబాటు భాగమైన విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగుగా విభజించింది. ప్రేమికుల్లో ఒకరు మరణించినా మళ్లీ కలుస్తారన్న ఆశ మిగిలి ఉంటే అది కరుణ విప్రలంభం, అప్పుడు స్థాయిభావం, అంటే రసానికి మూలంగా నిలిచి ఉండే భావం, రతి, అంటే ప్రేమ. ఆశ పూర్తిగా తెగితే అది కరుణరసం, స్థాయిభావం శోకం. బాణుని ‘కాదంబరి’లో చనిపోయిన ప్రియుడు చంద్రాపీడుని దేహాన్ని కాదంబరి కనిపెట్టుకుని ఉంటుంది. ఆమెకు తిరిగి కలుస్తారన్న దివ్యవాక్కు ఉంది, ఆ దేహం చెడదు కూడా. ఇసబెల్లాకు ఏ ఆకాశవాణీ లేదు, తల కుళ్లుతుంది. అయినా ఆమె ప్రవర్తన శోకించేదానిలా లేదు, కాపురం చేసేదానిలా ఉంది. నక్షత్రాలను మరిచింది, సూర్యచంద్రులను మరిచింది, తెల్లవారడాన్ని మరిచింది అని ‘మరిచింది’ మీద ‘మరిచింది’గా సాగే 53వ పద్యాన్ని నెమ్మదిగా చదివితే, ఆమె మరిచిపోయింది లోకాన్నే కాని అతన్ని కాదని వినిపిస్తుంది. కుండీ ఆమె దగ్గర ఉన్నంతవరకూ ఇది విప్రలంభమే అని నేను నమ్ముతాను. కొందరు పండితమిత్రులు ఒప్పుకోలేదు. చచ్చినవాడి తల చేతిలో ఉండగా ఆశ ఏమిటని వాదించారు. ఈ వాదాన్ని తేల్చకుండా సాయంత్రాన్ని ముగించండి.

ఐదో సాయంత్రం చిన్నది, 55 నుంచి 63 వరకు. ఆమె ఎందుకు ఆ మొక్కను వదలదని అన్నలకు అనుమానం వస్తుంది. ఆకలి తెలియదు, గుడికి పోవడం తగ్గింది. పోయినా, గుడ్ల మీద పొదగడానికి పరుగున వచ్చే పిట్టలా తిరిగి వచ్చి, పొదిగే పిట్ట ఓపికతో కుండీ పక్కన కూర్చుని, జుట్టు ముఖాన పడగా ఏడుస్తుంది. చేతితొడుగు దగ్గర విన్న బిడ్డ మాట ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది, ఎవరైనా దానిని గుర్తుపడితే ఆ రోజు పఠనం ధన్యమైనట్టే. అన్నలు కుండీని దొంగిలించి తవ్వి చూసి, పచ్చబడి రూపుమాసినా అది లొరెంజో ముఖమే అని గుర్తుపట్టి, ఫ్లారెన్సు విడిచి పారిపోతారు. కవి వారి గురించి ఆపైన ఒక్క మాట కూడా చెప్పడు. వారికి శిక్ష చాలలేదని పాఠకులు అంటారు. ఆ చర్చను త్వరగా దాటించండి, కావ్యపు దృష్టి అక్కడ లేదు.

ఇసబెల్లా దారిన పోయే యాత్రికులను ఆపి తన మొక్క ఎక్కడుందో, ఎందుకు దాచారో అడుగుతుంది. లొరెంజోను చంపినందుకు ఈ పద్యాల్లో ఆమె నోటి వెంట ఒక్క నింద రాదు. ఆమె అడిగేది కుండీనే. ఈ పద్యాలు చదివాక మొదటి రోజు కవరు తెరిచి ఎవరి చీటీ వారికి ఇవ్వండి, పేరు మార్చుకోవాలనుకుంటే మార్చుకోనివ్వండి. మా పఠనంలో ఒక డిగ్రీ విద్యార్థి లొరెంజో పేరు కొట్టేసి ఇసబెల్లా అని రాశాడు. తీరగ్రామపు అమ్మకు రాయడం రాదు, పక్కనున్న పిల్లను పిలిచి, ‘ఆ ముసిలామె పేరు ఏంది, ఆమెది రాయి నాయనా’ అన్నది. దాదికి కవి పేరు పెట్టలేదు. ఆ పిల్ల చీటీ మీద ‘దాది’ అని రాసి ఇచ్చింది.

చివరి పద్యంలో, ఆమె పోయిన తరువాత ఆ దుఃఖం ఒక పాటగా నోటి నుంచి నోటికి దేశమంతా పాకిందనీ, నా రుద్రజడ కుండీని దొంగిలించడం ఎంత కిరాతకమన్న పల్లవిని ఇప్పటికీ పాడుకుంటున్నారనీ కవి చెబుతాడు. ఆ జంట పాదాలను ఇంగ్లీషులో రెండుసార్లు చదివి, ఈసారి తెలుగు చెప్పకుండా పుస్తకం మూసేయండి. కుండీని మాత్రం అక్కడ వదలకండి. మొక్కకు నీళ్లు పోసే ఇంటికి, అడిగిన మొదటివారికి ఇచ్చి పంపండి.